కూలిన కొబ్బరి మానులు – ట్రాక్టరు బకెట్టునకు ఇనుప పంజా

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా పలాసకు సమీపమున తీరము దాటినది. ఉద్దానమున తరతరములుగా పెంచుకొనిన కొబ్బరి, జీడి తోటలు ఆ గాలికి నేలకొరిగినవి. చెట్టు కూలుట ఒక నష్టము. కూలిన మాను తోటలోనే పడియుండుట మరియొక నష్టము. మ్రగ్గిన కొబ్బరి మానులలో కొమ్ము పురుగు గ్రుడ్లు పెట్టి వృద్ధి చెందును. పిమ్మట అది బ్రతికియున్న చెట్ల మొవ్వులను, క్రొత్తగా నాటిన మొక్కల మొవ్వులను తొలిచివేయును. కావున మానులను తోటనుండి తరలించుట మిగిలిన తోటను కాపాడుకొనుటయే యగును. తూర్పు తీరమునకు తుపానులు క్రొత్త కావు గనుక ఈ పని ఎప్పుడైనను మన మీద పడవచ్చును.

ముందు భాగమున లోడరు బిగించిన ట్రాక్టరు ఈనాడు అనేక గ్రామములలో కలదు. కాని దాని బకెట్టు మట్టికి, పేడకు, ఇసుకకు ఉద్దేశింపబడినది. గుండ్రని మానును అందులో పెట్టి పైకెత్తినచో, బకెట్టు వెనుకకు వాలిన క్షణమున ఆ మాను వెనుక అంచును దాటి, లోడరు చేతుల మీదుగా దొర్లి డ్రైవరు మీదికి రాగలదు. మన ట్రాక్టర్లలో చాలవాటికి డ్రైవరును కాపాడు ఇనుప చట్రము లేదు. మోకుతో కట్టుట కొందరి అలవాటు. మోకు జారుటకు ఎంతోసేపు పట్టదు. మానును పైనుండి నొక్కి పట్టియుంచు పంజాను బకెట్టునకు అమర్చుట ఇందుకు తగిన ఉపాయము. వెల్డింగు తెలిసిన పనివాడును, లేతు యంత్రమును ఉన్న ఊరిలో దీనిని చేసికొనవచ్చును. అయితే ఇనుము కోయుటకు ముందు కాగితముమీద లెక్క వేయవలెను. ఈ వ్యాసమున మేము ప్రధానముగా ఆ లెక్కనే వివరింపదలచితిమి.

మొదట బరువు సంగతి. పచ్చి కొబ్బరి మాను బరువును అంతే పరిమాణముగల నీటి బరువుతో సమానమని పట్టుట క్షేమకరము. 30 సెంటీమీటర్ల అడ్డుకొలతయు, 3 మీటర్ల పొడవును గల ముక్క సుమారు 212 కిలోలు తూగును. లోడరు 600 కిలోలు ఎత్తగలదని తయారీదారు వ్రాసియున్నాడనుకొందము. ఆ సంఖ్య బకెట్టు బరువు పోగానా, దానితో కలిపియా అనునది పుస్తకములో చూచి తెలిసికొనవలెను. బకెట్టు పోగానే యైనచో, మనము చేయు పంజా 100 కిలోలు తూగినను 500 మిగులును. అనగా రెండు ముక్కలు ఎత్తవచ్చును, మూడవది పనికిరాదు. పంజా ఎంత బరువైన అంత గట్టిదని కొందరు తలంతురు. పంజాకు చేర్చిన ప్రతి కిలోయు మానునుండి తీసివేసినదే.

ఒకే వెడల్పు పంజా కంటె, విడివిడిగా కదలు రెండు పంజాలు మేలు. మాను మొదలు లావుగాను, కొన సన్నముగాను ఉండును. రెండు సిలిండర్లకును ఒకే వాల్వునుండి నూనె పంచినచో, తక్కువ అడ్డు ఉన్నవైపు పంజా ముందుగా మూసికొని, తరువాత రెండవది మూసికొనును. అందుచేత లావు తేడా ఉన్నను పట్టు రెండువైపుల సమానముగా కుదురును. ఒకే పంజాయైనచో ఒక కొన మీదనే ఆని, ఇరుసు మెలితిరుగును.

ఇక బలము. 40 మిల్లీమీటర్ల లోపలి అడ్డుకొలత గల సిలిండరులో పిస్టను వైశాల్యము 12.57 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు 150 కిలోల పీడనముతో అది సుమారు 1885 కిలోల బలముతో నెట్టును. నెట్టునప్పుడు బలము హెచ్చు, లాగునప్పుడు తక్కువ. ఏలయన లాగువైపు కడ్డీ కొంత వైశాల్యమును ఆక్రమించును. కావున సిలిండరు నెట్టినప్పుడు పంజా మూసికొనునట్లు అమర్చవలెను. పంజా ఇరుసునుండి సిలిండరు బలపు రేఖకు లంబదూరము 15 సెంటీమీటర్లును, ఇరుసునుండి పంజా కొనకు 75 సెంటీమీటర్లును ఉన్నచో, కొనవద్ద అయిదవ వంతు, అనగా 377 కిలోలు లభించును. రెండు పంజాలకు కలిపి 754 కిలోలు. ఈ పనికి ఇది చాలును. ఇంకను పెద్ద సిలిండరు వేసినచో పట్టు పెరుగుటకు మారుగా బకెట్టు అంచు వంగును.

ఇచట ఒక మెలకువ కలదు. ఆ 15 సెంటీమీటర్లు స్థిరముగా నుండవు. పంజా తిరిగినకొలది మారుచుండును. అందుచేత పూర్తిగా తెరచినట్లు, సగము మూసినట్లు, పూర్తిగా మూసినట్లు మూడు బొమ్మలు గీచి, మూడింటను లంబదూరము కొలువవలెను. ఎక్కడను 10 సెంటీమీటర్లకు తగ్గరాదు. తరువాత అట్టముక్కతో నిజ పరిమాణపు నమూనా కోసి, బకెట్టు మీద నిలిపి చూడవలెను. బకెట్టును పూర్తిగా వెనుకకు వాల్చి, పంజాను తెరచినప్పుడు అది లోడరు చేతులకుగాని, రేడియేటరు ముందరి జాలీకిగాని తగులకూడదు. అట్టముక్కతో పోవు తప్పు ఇనుముతో చేసినచో వేల రూపాయలగును.

పంజా కొనవద్ద 377 కిలోలు, దూరము 75 సెంటీమీటర్లు. కావున ఇరుసువద్ద పంజాను వంచు బలము 28,275 కిలో సెంటీమీటర్లు. 12 మిల్లీమీటర్ల మందమును, 10 సెంటీమీటర్ల లోతును గల ఒకే పలకతో పంజా చేసినచో ఇనుములో చదరపు సెంటీమీటరునకు 1414 కిలోల ఒత్తిడి కలుగును. మెత్తని ఉక్కు సుమారు 2500 వద్ద శాశ్వతముగా వంగిపోవును. మాను ఒక్కసారి ఊగినచో కలుగు కుదుపునకు ఈ వ్యత్యాసము చాలదు. అటువంటి పలకలు రెండు జంటగా వేసినచో ఒత్తిడి 707కు దిగును. మందము రెట్టించిన బలము రెట్టింపగును, లోతు రెట్టించిన నాలుగు రెట్లగును. కావున పలకను ఇరుసువద్ద లోతుగాను, కొనకు పోవుకొలది సన్నముగాను కోయించినచో బరువు కలిసివచ్చును. ఇరుసు పిన్ను 30 మిల్లీమీటర్లది వేయవలెను. తెగుటకు అంత అక్కరలేదు గాని, అరుగుదలకును కుదుపులకును అది కావలెను. పిన్నుకు బుష్షును, గ్రీజు పెట్టు మార్గమును తప్పక ఉండవలెను.

పాత ఇనుము కొట్లలో లారీ కమాను పట్టీలు చవుకగా దొరకును. పంజా పండ్లకు అవి మిక్కిలి గట్టివని వెల్డింగు చేయించువారు కలరు. ఇది ప్రమాదము. ఆ ఉక్కులో కర్బనము హెచ్చు. వెల్డింగు చేసి చల్లారిన చోట అది పెళుసెక్కి, ముందుగా వంగక, ఒక్కసారిగా విరుగును. తలపైన మాను ఉన్నప్పుడు విరుగుట ఎట్టిదో చెప్పనక్కరలేదు. మెత్తని ఉక్కు పలకయే ఇందుకు శ్రేష్ఠము. వంగినను మనకు కనబడును.

పంజా గట్టిదైనను దానిని మోయు బకెట్టు పైఅంచు పలుచని రేకు. ఇరుసు బిళ్ళలను ఆ రేకునకే అతికినచో కొలదిదినములలో చీలిపోవును. బకెట్టు వెడల్పంతటను 75 మిల్లీమీటర్ల చదరపు గొట్టమును అతికి, బిళ్ళలను దానిమీద నిలుపవలెను. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలను విప్పవలెను. ఎర్తు పట్టును వెల్డింగు చేయుచోటికి దగ్గరగా, ఆ ముక్కకే తగిలించవలెను. దూరముగా ట్రాక్టరు దేహమునకు తగిలించినచో విద్యుత్తు పిన్నుల ద్వారా, బేరింగుల ద్వారా ప్రవహించి వానిని చెరచును.

లోడరు ఎత్తుటకును, వాల్చుటకును రెండు వాల్వులు ఇదివరకే వినియోగమగుచుండును. పంజాకు మూడవది కావలెను. నిమిషమునకు 25 లీటర్ల నూనె నిచ్చు పంపు ఈ రెండు సిలిండర్లను, 20 సెంటీమీటర్ల కదలికకు, ఒక సెకనుకు కొంచెము మించిన కాలములో మూసివేయును. ఇది మిక్కిలి వేగము. నూనె ప్రవాహమును తగ్గించు సాధనమును ఆ మార్గమున బిగించవలెను. అవతలి గొట్టమున పీడనము వచ్చినప్పుడే తెరచుకొనునట్టి లాకు వాల్వును ప్రతి సిలిండరు నోటివద్దనే అమర్చవలెను. అది ఉన్నచో గొట్టము పగిలినను పంజా పట్టు విడువదు. ఖర్చు తగ్గించుకొనువారు మొదట దీనినే మానుకొందురు. మా అభిప్రాయమున తక్కినదేది మానినను దీనిని మానరాదు.

నూనె కారుచున్న చోటును చేతితో తడిమి చూడరాదు. సన్నని రంధ్రమునుండి వచ్చు నూనె చర్మమును చొచ్చుకొని లోనికి పోవును. పైకి ముల్లు గుచ్చినట్లే ఉండును గాని, గంటలలో చేయి పోగొట్టుకొను స్థితి రావచ్చును. అట్లు జరిగినచో నొప్పి లేకున్నను వెంటనే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి పోవలెను. కారుచోటును వెదకుటకు అట్టముక్కను వాడవలెను.

ముందు బరువు హెచ్చినప్పుడు వెనుక చక్రములు తేలును. మాను, పంజా కలిపి 520 కిలోలు ముందు ఇరుసుకు మీటరున్నర ముందున్నవనియు, రెండు ఇరుసుల నడుమ 2 మీటర్ల దూరమనియు అనుకొనినచో, వెనుక ఇరుసునుండి 390 కిలోలు తగ్గును, ముందు ఇరుసుపై 910 కిలోలు పెరుగును. 200 లీటర్ల డ్రమ్మును కాంక్రీటుతో నింపినచో సుమారు 480 కిలోలగును. దానిని చట్రములో బిగించి, వెనుక లింకులకు, ఇరుసునుండి మీటరు దూరమున తగిలించినచో ముందు ఇరుసు భారము 240 కిలోలు తగ్గును, వెనుక చక్రములకు పట్టు వచ్చును. ఆ లింకులు అంత బరువు మోయగలవో లేదో ముందుగా చూచుకొనవలెను.

మొదటి పరీక్షను సమతలమున, చిన్న ముక్కతో, మోకాలి ఎత్తునకు మించకుండ చేయవలెను. ఎత్తియుంచి ఇంజను ఆపి, పది నిమిషములు గమనించవలెను. పంజా జారినచో సిలిండరునందో, వాల్వునందో లోపము కలదు. తోటలో మానును మోయునప్పుడును నేలకు దగ్గరగానే ఉంచి, మెల్లగా నడుపవలెను; విద్యుత్తు తీగల క్రింద ఎత్తరాదు. మానుల పని తీరిన పిమ్మట పిన్నులు లాగి, పంజాలను విప్పి, గొట్టముల కొనలకు మూతలు బిగించి దాచినచో, బకెట్టు మరల ఎరువు పనికి సిద్ధముగా నుండును.