జొజోబా: నూనె పేరుతో తిరిగే మైనం

చి. మాధురికి,


ఫార్మసీ చదువుతూనే సబ్బులు, క్రీములు చేయడం మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. నీ ప్రశ్నలన్నీ చదివాను. సబ్బులో కొబ్బరినూనె సగం తగ్గించి జొజోబా వేస్తే చర్మానికి ఇంకా మంచిదా అని మొదటిది. వద్దమ్మా. ఎందుకు వద్దో తెలిస్తే మిగతావాటిలో చాలావరకు జవాబు నీకే తడుతుంది.

నూనె అని పిలుస్తున్నాం గానీ జొజోబా నిజానికి ద్రవరూపంలో ఉండే మైనం. కొబ్బరి, నువ్వులు, వేరుశనగ నూనెల్లో ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. జొజోబాలో గ్లిజరాల్ ఊసే లేదు. పొడవాటి కొవ్వు ఆమ్లం ఒకటి, పొడవాటి కొవ్వు ఆల్కహాల్ ఒకటి కలిసి ఎస్టర్ అవుతాయి. రెండింటివీ కలిపి ఎక్కువగా 38 నుంచి 44 కార్బన్లు. సీసాలో ఉన్నదంతా దాదాపు ఈ ఎస్టర్లే. దీనికి క్షారం కలిపితే ఆమ్లం భాగం మాత్రమే సబ్బవుతుంది. ఆల్కహాల్ భాగం, అంటే సుమారు సగం, సబ్బు కాకుండా అలాగే ఉండిపోతుంది. సపోనిఫికేషన్ విలువ, అంటే సబ్బు కావడానికి ఎంత క్షారం పడుతుందో చెప్పే అంకె, కొబ్బరినూనెకు 250 దగ్గర, దీనికి 92 దగ్గర. కొబ్బరినూనె లెక్కనే కాస్టిక్ సోడా వేశావో, మిగిలిన క్షారం చేతుల్ని కాలుస్తుంది. లెక్క సరిచేసుకున్నా అంత ఖరీదైన సరుకు నురగతోపాటు తూములోకి పోవడమే. దాన్ని ఒంటిమీద నిలిచే క్రీముకు ఉంచుకో.

జొజోబా పొద సొంత ఊరు అమెరికా, మెక్సికోల మధ్య పరుచుకున్న సొనోరన్ ఎడారి. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడిని గాలే మోస్తుంది. గింజ బరువులో దాదాపు సగం ఈ మైనమే. అక్కడి ఆదివాసులు గింజలు నూరి ఆ ముద్దను పుండ్లకు, జుట్టుకు రాసుకునేవారు. ఇది మామూలు నూనె కాదని 1933లో ఆరిజోనా విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రజ్ఞులు తేల్చారు. అయినా చాలాకాలం పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1970లో అమెరికా స్పెర్మ్ తిమింగలాన్ని అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చాక, దాని నూనె వాడే కంపెనీలకు ప్రత్యామ్నాయం కావలసి వచ్చింది. తిమింగలం నూనెలోనూ ఎక్కువ భాగం మైనపు ఎస్టర్లే కదా, అప్పుడు జొజోబా వైపు చూపు మళ్లింది. మన దేశంలో జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క ప్రాంత పరిశోధన సంస్థ 1965లోనే ఇజ్రాయెల్ నుంచి ఈ మొక్కను తెప్పించింది. రాజస్థాన్‌లో సాగు ఉంది.

నువ్వు అడిగిన రెండోది: ఇది అచ్చం మన చర్మపు జిడ్డులాంటిదేనా? అమ్మేవాళ్లు అలాగే చెబుతారు. అందులో నిజం పావు వంతు, అక్షరాలా పావు వంతే. మనిషి చర్మం ఊరించే జిడ్డులో మైనపు ఎస్టర్లు సుమారు 25 శాతం. మిగతాది ట్రైగ్లిజరైడ్లు, విడి కొవ్వు ఆమ్లాలు, స్క్వాలీన్. పోలిక ఉన్నందువల్ల ముఖం మీద తేలిగ్గా పరుచుకుంటుంది, బంకగా అనిపించదు. అది ఒప్పుకుంటాను. కానీ ‘చర్మాన్ని మభ్యపెట్టి జిడ్డు తగ్గిస్తుంది’ అన్న మాట నమ్మకు. జిడ్డు గ్రంథుల్ని నడిపేవి ప్రధానంగా హార్మోన్లు. పైన ఏం రాశామో చూసుకుని అవి పని ఆపవు.

దీని అసలు గొప్పతనం నిలవ. గాలి తగిలినా తొందరగా పాడవదు. పొద్దుతిరుగుడు నూనె కలిపిన క్రీము వేసవిలో వాసన పట్టడం మా ల్యాబులో ఎన్నోసార్లు చూశాం. జొజోబాతో ఆ బాధ బాగా తక్కువ. రెండో గుణం, చర్మంలోని తేమను ఆరిపోకుండా పట్టి ఉంచడం. అంతేగానీ తనంతట తాను తేమ ఇవ్వదు. అందుకే స్నానం చేసి ఒళ్లు సగం తుడుచుకున్నాక, చెమ్మ మీదే రాయాలి. ముఖానికి మూడు నాలుగు చుక్కలు చాలు. పగిలిన పెదాలకు, గోళ్ల చుట్టూ, కాటుక, మేకప్ తుడవడానికి బాగుంటుంది. ఎండను ఆపదు కాబట్టి సన్‌స్క్రీన్ మానకు. తలంటుకు మాత్రం దీన్ని కొనడం డబ్బు తగలేయడమే, నువ్వులనూనె ఉండగా. ఎలర్జీ అరుదే అయినా ముందు మోచేతి మడతలో రాసి ఒకటి రెండు రోజులు చూడు. కడుపులోకి వెళ్తే సరిగా అరగదు, విరేచనాలవుతాయి. వంటింట్లో మాత్రం పెట్టకు.

సీసా కొనగానే ఫ్రిజ్‌లో పెట్టి చూడు. అసలైనది 10 డిగ్రీల లోపు గడ్డకడుతుంది. కట్టకపోతే చవక నూనె కలిపి ఉండొచ్చు. కట్టినంత మాత్రాన స్వచ్ఛమైనదనీ కాదు, కొబ్బరినూనె కూడా కడుతుంది! కొన్న క్రీమైతే వెనక పదార్థాల పట్టీ చదువు. ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. జొజోబా శాస్త్రీయ నామమైన సిమ్మాండ్సియా చైనెన్సిస్ పట్టీ చివర, సువాసన పక్కన కనిపిస్తే, ముందు అట్ట మీద జొజోబా బొమ్మకే డబ్బు పెట్టినట్టు.

ఆఖరి ప్రశ్న, స్నేహితురాళ్లకు అమ్మవచ్చా అని. అమ్మడానికి చేస్తే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్సు కావాలి. అది చేతికొచ్చేదాకా నీకోసం, ఇంట్లోవాళ్లకోసం చేసుకో. వచ్చాక కూడా, మొటిమలు మాన్పుతుందని మాత్రం సీసా మీద రాయకు తల్లీ.

మీ పెద్దమ్మ