ఆర్వో వదిలేసే నీళ్లు మొక్కలకు పోయవచ్చా?

ప్రశ్న: ఆర్వో నుంచి రోజూ బకెట్ల కొద్దీ నీళ్లు పోతున్నాయి. కుండీలకు పోస్తే ఉప్పుకి మొక్కలు చచ్చిపోతాయంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. మామూలు ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీళ్లిచ్చి దాదాపు మూడు లీటర్లు వదిలేస్తుంది. ఆ లీటరులోని లవణాలు మూడింటిలో సర్దుకుంటాయి కాబట్టి, మీ బోరు నీటి టీడీఎస్ 600 ఉంటే బయటికొచ్చేది 800 దాకా ఉంటుంది; పెరిగేది మూడో వంతే. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి నిశ్చింతగా వాడండి. కుండీల భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. నీరు ఆవిరైనా ఉప్పు మట్టిలోనే మిగులుతుంది. కుండీ అంచున కట్టే తెల్లటి పొర అదే. కొబ్బరి తట్టుకుంటుంది, గులాబీ తట్టుకోలేదు. అందుకే మధ్యమధ్యలో వాన నీళ్లో, ఉప్పు తక్కువున్న కుళాయి నీళ్లో అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి. అసలు మీ కుళాయిలో కృష్ణా, గోదావరి నీళ్లే వస్తుంటే ముందు టీడీఎస్ కొలిపించండి. 500 లోపుంటే ఉప్పు తీయడానికి ఆర్వో అక్కర్లేదు.