గ్రాంటు వచ్చింది సరే, నేర్పేదెవరు?

ఐటీఐలో ఏటీవోగా (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్) చేరి ప్రిన్సిపాల్‌గా రిటైరైనవాణ్ణి. కేంద్రం పథకాలు, ప్రపంచ బ్యాంకు పథకాలు, రాష్ట్రం పథకాలు, అన్నిటి ఫైళ్లూ నా టేబుల్ మీదుగా నడిచాయి. కొత్తగా ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది, "సార్, ఏ స్కీములో ఎంతొస్తుంది?" అని. ఎంతొస్తుందో సర్క్యులర్‌లోనే ఉంటుంది. అందులో ఉండని సంగతులు కొన్ని ఇక్కడ చెబుతాను.

1. డబ్బు ఏ జేబులోంచి వస్తోందో ముందు చూడండి

ఐటీఐలకు మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్‌ను కేంద్రం 1950లో మొదలుపెట్టింది. 1956లో రోజువారీ పాలన, 1969 ఏప్రిల్‌లో ఆర్థిక బాధ్యత రాష్ట్రాల చేతికి వచ్చాయి. అప్పటి నుంచి సిలబస్సు, సర్టిఫికెట్టు ఢిల్లీవి. జీతాలు, కరెంటు బిల్లు, గోడలకు సున్నం రాష్ట్రానివి. ఢిల్లీ నుంచి ప్రత్యేకంగా వచ్చే నిధి చాలావరకు ఆధునికీకరణ పేరుతో వస్తుంది. అంటే షెడ్డుకో, మిషన్‌కో. మిషన్ కొంటే ఖర్చు ఒక్కసారితో తేలిపోతుంది, రిబ్బన్ కత్తిరించి ఫొటో కూడా తీయించుకోవచ్చు. ఇన్‌స్ట్రక్టర్ పోస్టు మంజూరు చేస్తే ఖజానా మీద దశాబ్దాల బరువు. కాబట్టి గ్రాంటు వస్తువుకు వచ్చినంత సులువుగా మనిషికి రాదు. తక్కిన పాఠాలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూ తిరిగేవే.

2. మిషన్ ధర కాదు, నడిపే ఖర్చు లెక్కేయండి

సీఎన్‌సీ లేత్ కావాలని ప్రతిపాదన రాస్తాం. దానికి గట్టి పునాది, త్రీ ఫేజ్ లైను, స్టెబిలైజర్ కావాలి. ఆపైన ప్రతి నెలా కూలెంట్, టూల్ ఇన్సర్టులు, కోయడానికి ఇనుప రాడ్లు. వారంటీ అయిపోయాక ఏటా నిర్వహణ ఒప్పందం. యంత్రాల పద్దు కింద వచ్చిన డబ్బుతో రాడ్లు కొనకూడదు, కొంటే ఆడిట్ ఊరుకోదు. ముడి సరుకు పద్దులో వచ్చేదేమో ఒక బ్యాచ్‌కే చాలదు. నేను చూసిన ఒక ఐటీఐలో ఖరీదైన మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచారు. "పిల్లలు పాడుచేస్తారని" అన్నారు. అసలు సంగతి రాడ్లకు డబ్బు లేకపోవడం. వెల్డర్ ట్రేడులోనూ అంతే. ఎలక్ట్రోడ్ల కట్టలు ఎన్ని కాలిస్తే కుర్రాడి చెయ్యి అంత కుదురుకుంటుంది. ప్రతిపాదన రాసేటప్పుడే మూడేళ్ల నడుపుడు ఖర్చు పక్క కాగితం మీద వేసుకోండి. అది ఎక్కడి నుంచి వస్తుందో తేలకపోతే చిన్న మిషన్ అడగండి. నాలుగు మామూలు లేత్‌లు రోజంతా తిరగడమే మేలు.

3. మిషన్ ఆర్డరు కన్నా ముందు మనిషిని పంపండి

టెండరు పిలిచి, సరుకు దిగి, బిగించేసరికి నెలలు గడుస్తాయి. ఆ వ్యవధిలో ఇన్‌స్ట్రక్టర్‌ను శిక్షణకు పంపండి. మనకు దగ్గర్లోనే హైదరాబాద్ విద్యానగర్‌లో జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ ఉంది. "ఉన్నదే ఒక్కడు, వాణ్ణి పంపితే క్లాసెవరు చెబుతారు?" అని అడుగుతారు. నిజమే, ఖాళీలు ఉన్నాయి, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్నాం. అయినా పంపాల్సిందే. కంపెనీ మెకానిక్ వచ్చి ఒక పూట డెమో ఇచ్చి వెళితే, దాన్ని శిక్షణ అని రాసుకోకండి. ఒప్పందంలోనే ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లకు పూర్తి శిక్షణ ఇవ్వాలని షరతు పెట్టండి. ఒకరికి బదిలీ అయినా మరొకరు మిగులుతారు.

4. గ్రాంటేదో అప్పేదో చదివి తెలుసుకోండి

2007-08లో 1,396 ప్రభుత్వ ఐటీఐలను ప్రైవేటు భాగస్వామ్యంతో బాగుచేసే పథకం వచ్చింది. ఒక్కో ఐటీఐకి రూ.2.5 కోట్ల వరకు. అందరూ దాన్ని గ్రాంటు అనే పిలిచేవారు. కాగితం మీద అది వడ్డీ లేని అప్పు. మొదటి 10 ఏళ్లు కట్టనక్కర్లేదు, ఆ తర్వాత 20 ఏళ్లపాటు ఏటా సమాన వాయిదాల్లో తీర్చాలి. తీసుకున్న ప్రిన్సిపాల్ ఒకరు, వాయిదా కట్టే నాటికి ఆ కుర్చీలో ఉండేది ఇంకొకరు. పదేళ్లంటే ప్రభుత్వోద్యోగికి రెండు మూడు బదిలీలు. మీరు చార్జి తీసుకునే రోజున అప్పు ఒప్పందం, బ్యాంకు నిల్వ, వాయిదాల పట్టిక కలిపి అడగండి. అవి చూడకుండా సంతకం పెట్టకండి.

5. పరిశ్రమ నుంచి చందా అడగకండి, పని అడగండి

పైన చెప్పిన ప్రైవేటు భాగస్వామ్య పథకంలోనే ప్రతి ఐటీఐకీ పరిశ్రమ ప్రతినిధి చైర్మన్‌గా యాజమాన్య కమిటీ ఏర్పడింది. చాలాచోట్ల అది టీ, బిస్కెట్లు, సంతకాల కమిటీ అయింది. మనం చందా అడగడమే తప్పు. ఫ్యాక్టరీవాడికి విరాళం భారం. పాత డ్రాయింగులు, తిరస్కరించిన విడిభాగాలు, కోతలో మిగిలిన ఇనుప ముక్కలు, వారానికి ఒక పూట సూపర్‌వైజర్, ఇవి అతనికి బరువు కావు. మన పిల్లలకు బంగారం. డ్యూయల్ సిస్టమ్ అనే శిక్షణ పద్ధతిలో కొన్ని నెలలు ఫ్యాక్టరీలోనే నేర్చుకునే వీలుంది. గ్రాంటుతో కొనలేని కోట్ల రూపాయల మిషన్ మీద పిల్లవాడు చెయ్యి పెట్టగలిగేది అక్కడే.

6. ఫలితానికి డబ్బంటే, లెక్కకు ఆధారం కావాలి

ప్రపంచ బ్యాంకు సాయంతో రూ.2,200 కోట్లతో వచ్చిన స్ట్రైవ్ పథకం పద్ధతి మార్చింది. ఐటీఐతో ఒప్పందం రాసుకుని, పనితీరును బట్టి నిధులు ఇచ్చింది. ఎన్ని సీట్లు నిండాయి, ఎంతమంది మధ్యలో మానేశారు, పాసైనవాళ్లు ఏం చేస్తున్నారు అన్న ప్రశ్నలకు జవాబు ఉండాలి. పాసైన కుర్రాడి ఫోన్ నంబరు ఆరు నెలల్లో మారిపోతుంది. వాళ్లమ్మ నంబరు మారదు. అడ్మిషన్ ఫారంలో అది తప్పక రాయించండి. సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చిన రోజున మళ్లీ సరిచూడండి.

7. మార్చి నెలను నమ్ముకోకండి

కేంద్రం ఆర్థిక నియమాలైన జీఎఫ్ఆర్ 2017 ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం, మన మాటలో యూసీ, పంపాలి. యూసీ వెళ్లకపోతే తర్వాతి వాయిదా కదలదు. సప్లయర్‌కు ఇచ్చిన అడ్వాన్సును ఖర్చుగా చూపకండి. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ మనది కాదు, ప్రభుత్వానికి తిరిగి జమ చేయాలి. మార్చి నెలాఖరున హడావిడిగా కొన్న సామాను జూన్‌లో పెట్టెలు విప్పితే, సగం మన సిలబస్సుకు పనికిరాదు. స్పెసిఫికేషన్లు ఆగస్టుకే ట్రేడు ఇన్‌స్ట్రక్టర్ చేత రాయించి ఉంచుకోండి.

8. పిల్లల చేతి ఖర్చు కూడా నిధుల వ్యవహారమే

పిల్లలు మానేసేది ఎక్కువగా బస్సు చార్జీకి, రోజు కూలికి. ఐటీఐ నుంచి అప్రెంటిస్‌గా వెళ్లేవాళ్ల స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు రూ.1,500కు మించకుండా, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ సొమ్ము నేరుగా అప్రెంటిస్ ఖాతాలోనే పడుతోంది. ఆధార్‌తో కలవని ఖాతాకు అది చేరదు. ఐటీఐలో చేరిన నెలలోనే ఖాతాలు సరిచేయించండి.

9. పెద్ద పథకాలను ఈ ఒక్క ప్రశ్నతో తూచండి

తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. 2025లో కేంద్రం ప్రారంభించిన పీఎం-సేతు దేశంలో 1,000 ప్రభుత్వ ఐటీఐలకు రూ.60,000 కోట్లంటోంది. కేంద్రం వాటా 30,000, రాష్ట్రాలది 20,000, పరిశ్రమది 10,000 కోట్లు. ఇంత డబ్బు మా తరం చూడలేదు. వద్దనకండి, పోటీపడి తెచ్చుకోండి. మంజూరు ఉత్తర్వు అందిన రోజున మాత్రం ఒక కాగితం మీద రెండు పేర్లు రాయండి: ఈ మిషన్ మీద మొదటి బ్యాచ్‌కు నేర్పేవారు, కంపెనీ మనుషులు వెళ్లిపోయాక వచ్చే బ్యాచ్‌కు నేర్పేవారు. రెండో పేరు దొరక్కపోతే ఆ ఖాళీ కోసం అదే రోజు కమిషనరేట్‌కు లెటర్ పెట్టండి. జవాబు వచ్చేదాకా గుర్తుచేస్తూనే ఉండండి.