దవాఖానా మాటలు, వాటి అర్థాలు

రోగి పరామర్శను మనం ఇయాదత్ అంటాం. దగ్గరుండి చేసే సేవ తీమార్‌దారీ. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా దవాఖానాలో తీమార్‌దారీ చేసేవారికి మరికొన్ని మాటలు తెలియాలి.

కేసు షీటుపై ఎన్.బి.ఎం. అని ఉంటే నోటికి ఏమీ ఇవ్వకూడదు, జమ్‌జమ్ నీళ్ళయినా సరే. మత్తులో ఉండగా కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. (క్లోరోఫాం మత్తుపై 1889లో హైదరాబాద్ కమిషన్ పరీక్షలు జరిపింది మన ఊళ్ళోనే!)

అన్నిటికంటే జాగ్రత్తపడవలసిన మాట లామా. వైద్యులు వద్దన్నా మా ఇష్టంతోనే రోగిని తీసుకుపోతున్నామని రాసివ్వడమది. డిశ్చార్జి వేరు. మన బస్తీల్లో రెండింటినీ ‘ఛుట్టీ’ అనేస్తాం. ఖర్చుకు భయపడో, పండుగ ఇంట్లో గడపాలనో సంతకం చేసేముందు ‘ఇది ఏ ఛుట్టీ?’ అని డ్యూటీ డాక్టరును అడగాలి. చదువురాని తీమార్‌దార్లకు ఆ కాగితం మనమే చదివి వినిపిద్దాం.