పెరటి చిత్తడిలో జమ్ము

స్నానాల నీరు పారే చోటో, బోరు గట్టు పక్కనో, అడుసు ఆరని మూల ఒకటి చాలా పెరళ్లలో ఉంటుంది. అక్కడ మందార పెట్టినా నిమ్మ పెట్టినా కొద్ది వారాల్లో ఆకులు పసుపుబారి వాలిపోతాయి. నీరెక్కువై వేరు కుళ్లిందంటారు. నిజానికి ముందు కరువయ్యేది ఆక్సిజన్. అది గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలు నీటితో నిండాక, మిగిలిన కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి. వేర్లకు ఊపిరాడదు. కుళ్లు ఆ తర్వాతి సంగతి.

అలాంటి మూలను మట్టి పోసి పూడ్చకుండా జమ్ము పెంచవచ్చు. మన చెరువుల అంచుల్లో, కాలువల్లో తనంతట తానే మొలిచే టైఫా ప్రజాతి మొక్క ఇది. దీన్ని తుంగ అనుకునేవారూ ఉన్నారు. తుంగ కాడ సాధారణంగా మూడు పలకలుగా చేతికి తగులుతుంది. జమ్ము ఆకులు పొడవాటి పట్టీల్లా మనిషి ఎత్తు దాటి లేస్తాయి, పైన గోధుమ రంగు కంకి వేస్తుంది.

జమ్ము ఆకును అడ్డంగా కోస్తే లోపలంతా బెండులా గాలి గదులు కనిపిస్తాయి. వరి వేర్లలోనూ ఇలాంటి గాలి గదుల కణజాలం ఉంటుంది. జమ్ముకు అదనంగా మరో ఏర్పాటు ఉంది. పగటి వేళ లేత ఆకుల లోపల వేడికి, తేమకు పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గాలి బురదలోని దుంపలోకి దిగి, పాత ఆకుల గుండా, విరిగిన ఆకుల గుండా బయటికి పోతుంది. దారిలో కొంత ఆక్సిజన్ వేర్ల నుంచి బురదలోకీ చేరి, మురికిని విచ్ఛిన్నం చేసే బాక్టీరియాకు అందుతుంది. మురుగునీటి శుద్ధికి కట్టే కృత్రిమ చిత్తడి నేలల్లో జమ్మును నాటడానికి ఇదొక కారణం.

నాటేందుకు మొలక ఉన్న దుంప ముక్క చాలు. మొలక కొస పైకి ఉండేలా బురదలో నాలుగైదు అంగుళాల లోతున పెట్టాలి. ఎండ బాగా తగలాలి. పైన గులకరాళ్లు పరిచి, నీటిమట్టం వాటి కిందే ఉండేలా చూస్తే దోమల బెడద ఉండదు. మరుగుదొడ్డి నీటిని మాత్రం ఇటు వదలకూడదు.

నేరుగా నేలలో నాటడం మాత్రం తెలివైన పని కాదు. దుంపలు పక్కలకు పాకి పెరడంతా ఆక్రమిస్తాయి. అడుగున రంధ్రం లేని సిమెంటు తొట్టిని పాతి అందులో పెంచడమే మేలు. ఒక్క కంకిలో లక్షకు పైగా విత్తనాలు ఉండవచ్చు, దూదిలా గాలికి ఎగిరి ఊరి కాలువకు చేరతాయి. కాబట్టి కంకి విచ్చుకోకముందే కోసేయాలి. ఆకులను పచ్చగా ఉండగానే కోస్తే అవి పీల్చుకున్న నైట్రోజన్, ఫాస్ఫరస్ వాటితోపాటే బయటికి వస్తాయి. వదిలేస్తే అక్కడే కుళ్లి తిరిగి నీటిలో కలుస్తాయి. కోసిన ఆకులు ఎండాక చాపలు అల్లడానికి పనికొస్తాయి, లేదంటే కంపోస్టుకు.

జమ్ము వద్దనుకుంటే విషపు మందు అక్కర్లేదు. కాడలన్నిటినీ మొదలంటా కోసి, ఆ కోతలు మునిగేలా నీరు నింపి కొన్ని వారాలు ఉంచితే దుంప ఊపిరాడక చనిపోతుంది. ఎండిన కాడలను కూడా వదలకూడదు. నీటిపైకి ఒక్కటి నిలిచి ఉన్నా దాని గుండా దుంపకు గాలి అందుతూనే ఉంటుంది.