కుండీలో పొట్టి డాలియా: సూరత్ వాతావరణంలో పెంపకం

సూరత్‌లో చలికాలం చిన్నది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే రాత్రులు చల్లగా ఉంటాయి. వస్త్ర పరిశ్రమలో ఉపాధి కోసం తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలతో సహా, ఈ నగరంలో చాలామందికి తోట అంటే బాల్కనీలోని నాలుగు కుండీలే. 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు పెరిగే పొట్టి డాలియాలు అలాంటి చోటుకు అనువైనవి. అయితే ఇక్కడ పూలు పూయించడం కంటే దుంపను మరుసటి ఏడాదికి నిలుపుకోవడమే కష్టం.

మొక్క స్వభావం

డాలియా మెక్సికో, మధ్య అమెరికా కొండ ప్రాంతాల మొక్క. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఆండర్స్ డాల్ గౌరవార్థం 1791లో దీనికి ఈ పేరు పెట్టారు. ఇది చామంతి కుటుంబానికి చెందినది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో చిన్న పూల గుత్తి.

దీనికి పగలు ఎండ, రాత్రి చల్లదనం కావాలి. రాత్రి వేడిగా ఉంటే పగలు తయారైన ఆహారం శ్వాసక్రియలోనే ఎక్కువగా ఖర్చవుతుంది. దాంతో పూలు చిన్నవవుతాయి, మొగ్గలు రాలిపోతాయి.

పగటి నిడివి ప్రభావం కూడా ఉంది. సూరత్‌లో డిసెంబరు చివర పగలు సుమారు 10 గంటల 50 నిమిషాలే. పగలు ఇలా తగ్గినప్పుడు డాలియా ఆహారాన్ని వేర్లకు మళ్లించి దుంపలను ఊరబెడుతుంది. అందువల్ల అంతకుముందే మొక్క గుబురుగా ఎదగాలి.

నాటే విధానం

• సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు వరకు నాటాలి.
• 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పు, అడుగున రంధ్రాలు ఉన్న కుండీ తీసుకోవాలి.
• ఈ ప్రాంతపు నల్లరేగడి మట్టి నీటిని పట్టి ఉంచుతుంది. దానిలోనే నాటితే దుంప కుళ్లుతుంది. మట్టి, ఇసుక, వర్మికంపోస్ట్ సమపాళ్లలో కలిపి, కొంచెం వేప పిండి చేర్చాలి.
• రోజూ 5, 6 గంటల ఎండ తగిలేచోట ఉంచాలి.
• మూడు, నాలుగు జతల ఆకులు వచ్చాక కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి.
• పైమట్టి ఆరాకే నీరు పోయాలి. యూరియా వంటి నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకులు పెరిగి పూలు తగ్గుతాయి.
• వాడిన పూలను వెంటనే తీసేయాలి. అవి గింజ కడితే కొత్త మొగ్గలకు ఆహారం తగ్గుతుంది.

పేనుబంక, ఎర్రనల్లి కోసం ఆకుల అడుగుభాగాన్ని తరచూ చూడాలి. తొలిదశలో నీటిని గట్టిగా చిమ్మితే చాలావరకు పోతాయి.

దుంపను కాపాడటం

పూత ముగిసి ఆకులు పసుపు రంగుకు తిరిగాక నీరు తగ్గించాలి. కాండాన్ని అరచేతి ఎత్తున కోసి, దుంపల గుత్తిని విరగకుండా తవ్వి తీయాలి. బంగాళాదుంపకు కళ్లు దుంపమీదే ఉంటాయి. డాలియాకు మాత్రం పాత కాండం మొదట్లో ఉంటాయి. కాండం ముక్క లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలకెత్తదు.

నీడలో ఆరిన దుంపలను పొడి ఇసుకలో గానీ కొబ్బరి పొట్టులో గానీ ఉంచి, ఇంట్లో చల్లని చోట పెట్టాలి. వేసవిలో అవి ముడతలు పడితే కొద్దిగా నీరు చిలకరించాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానల తేమకు బూజు పట్టవచ్చు కాబట్టి, నెలకోసారి చూసి కుళ్లిన భాగాన్ని కోసేయాలి. అక్టోబరులో ఒక్కో ముక్కకు ఒక కన్నైనా ఉండేలా విడదీస్తే, ఒక కుండీ నుంచి రెండు మూడు కుండీలకు మొక్కలు వస్తాయి.