డ్రైవరు వచ్చాడా, వచ్చిందా?

ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ అంటే బోగీలు, వ్యాగన్లు బాగుచేసే చోటే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి చేరింది రైల్వే పనికే. ఇప్పుడు మీ పిల్లల బడివాళ్ళు, ‘ఆడపని, మగపని అనే పట్టింపుల మీద పిల్లలతో ఓ రెండు గంటలు వర్క్‌షాప్ చేయండి’ అని అడిగితే కంగారు పడకండి. ఉపన్యాసం మాత్రం రాసుకోవద్దు.

ఈ ఊరి పిల్లల నోట తెలుగూ బెంగాలీ హిందీ ఆడతాయి. మీ సామాను అదే. బెంగాలీలో ‘డ్రైవార్ ఎషేఛే’ అనండి. వచ్చినది ఆడో మగో ఆ క్రియలో ఉండదు. తెలుగులో చెప్పమనండి. ‘డ్రైవరు వచ్చాడు’ అంటారు. ‘నార్స్ ఎషేఛే’ అంటే ‘నర్సు వచ్చింది’. ఆ ‘డు’, ఆ ‘ది’ ఎక్కణ్ణుంచి వచ్చాయో అడిగి ఊరుకోండి, జవాబు మీరివ్వకండి. ఎవరో గడుసుగా ‘వచ్చారు’ అని తప్పించుకుంటారు. మెచ్చుకుని, ‘మరి పనిమనిషి వచ్చారు అనమేం?’ అనండి. అది వేరే గొడవే, కానీ వదిలేసేది కాదు.

తర్వాత వచ్చిన డ్రైవరును మగమనిషిగా ఒకసారి, ఆడమనిషిగా ఒకసారి గీయించండి. ఆడ డ్రైవరు కట్టుకథ కాదనడానికి సురేఖా యాదవ్ ఉన్నారు: రైల్వేలో అసిస్టెంట్ డ్రైవరుగా మొదలుపెట్టి, 2023లో వందే భారత్ నడిపారు. మీ కాలనీలో ట్రాక్ మీద పనిచేసే అక్క ఎవరైనా ఉంటే ఆమెను పిలవడం ఇంకా మేలు. ‘ఇల్లెలా చూసుకుంటారు?’ అని మాత్రం అడగనివ్వకండి. ఆ ప్రశ్న అన్నయ్యలను ఎవరూ అడగరు.

చివర్లో ఓ చిన్న నాటిక వేయించండి. అందులో మగపిల్లాడికి చీర కట్టకండి; నవ్వులాటతోనే గంట గడిచిపోతుంది. వేషం కాదు, పని మార్చండి. వాడు చపాతీ ఒత్తాలి, అమ్మాయి బోల్టు బిగించాలి. స్పానరు ఇంట్లోదే పట్టుకెళ్ళండి. రైల్వే సామాను గేటు దాటితే 1966 నాటి చట్టం మీ నెత్తిన కూర్చుంటుంది.

‘మావాడి చేత చపాతీలేంటి?’ అని ఏ నాన్నగారైనా వస్తే, డ్యూటీ మీద బయటూరు వెళ్ళినప్పుడు రన్నింగ్ రూమ్‌లో తనకు వండిపెట్టేది ఎవరో చెప్పమనండి.

తేదీ మాత్రం మీ రెస్ట్ రోజు చూసుకునే ఇవ్వండి. నైట్ డ్యూటీ దిగిన పొద్దున ఒప్పుకోవద్దు.